కుంటి అడుగు

ఆమె పోయిందన్న వార్త ఉత్సవ కార్యదర్శి ఫోన్ చేసి చెప్పాడు. అయ్యో అనే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఈ ఏడు నాట్యోత్సవంలో ఉదయపు గోష్ఠి వేదికకు ఆమె పేరు పెడుతున్నామని, మొదటి ప్రసంగం నాదేనని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అంశం కూడా వాళ్ళే ఖాయం చేసుకున్నారు. చెంచు నృత్యానికి ఆమె చేసిన సేవ. "మీరైతే ఆమెను దగ్గర్నుంచి చూసినారు సార్, ఒక అరగంట మాట్లాడండి చాలు" అన్నాడు. గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. గొంతుకేం, గుండ్రాయిలా ఉంది. ఆ అంశం మీద మాట్లాడితే అబద్ధమైనా చెప్పాలి, లేదంటే వినడానికి ఎవరూ సిద్ధంగా లేని నిజమైనా చెప్పాలి. మైకు ముందు నిలబడి ఈ రెండూ నా వల్ల కావు. రాయడం నయం. రాసేటప్పుడు మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఆమె పేరు రాయను. నంద్యాలలో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు కూడా తక్కువే. అందరికీ డాన్సమ్మ. పోస్టుమాన్‌కు డాన్సమ్మ, కూరగాయల బండివాడికి డాన్సమ్మ, ఆమె దగ్గర నేర్చుకుని పెళ్ళిళ్ళై పిల్లల్ని కన్నవాళ్ళకూ డాన్సమ్మే.

పొట్టి మనిషి. ఎప్పుడూ నూలు చీర. కొంగు చివర ఒక ముడి, ఆ ముడిలో వేయించిన శనగలు. అవి కోయిలకుంట్ల నుంచి రావాలి, నంద్యాల అంగళ్ళలో దొరికేవి ఆమెకు పనికిరావు. మనమందరం మనిషి ఎదురుపడితే ముఖం చూస్తాం. ఆమె పాదాలు చూసేది. ఎవరైనా తన మేడ మెట్లెక్కుతుంటే అడుగుల చప్పుడును బట్టి లోపలి నుంచే ఎవరొస్తున్నారో చెప్పేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా నమస్కారానికి ముందు నా కాళ్ళకేసి చూసింది. "ఏమప్పా సారూ, చిన్నప్పుడు బాగా తన్నులు తిన్నట్టుండావే. కాలు మోపేకి భయపడతాండావ్" అంది. నాకు కోపమొచ్చింది గానీ మాట నిజమే. మా నాయన చెయ్యి అలాంటిది. నేను కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ, పిల్లల్ని భయపెడుతూ బతుకుతున్నవాణ్ణి. నా భయాన్ని అలా నడివీధిలో చదివేసిన మనిషి అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

నాట్యోత్సవంలో సాయంత్రాలు ఆటలు, ఉదయాలు మాటలు. ఆ ఉదయపు గోష్ఠి నడిపే పని ఎలాగో నా నెత్తిన పడింది. నాకు నాట్యం తెలియదు. మాట్లాడేవాణ్ణి ఆపడం తెలుసు, అదే నా అర్హత. కల్యాణమండపం మీది అంతస్తులో పెట్టేవాళ్ళు. కింద మధ్యాహ్నానికి వంట అవుతుంటుంది. సాంబారు తిరగమాత వాసన పైకి వచ్చిందంటే ఎంతటి పండితుడైనా ముగింపులోకి వచ్చేస్తాడు. వినేవాళ్ళలో సగంమంది మాట్లాడాల్సినవాళ్ళు, మిగతా సగం వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. నిన్న సాయంత్రం ఆడిన పిల్లలు ఒకరిద్దరు వచ్చి వెనక కునికేవాళ్ళు.

డాన్సమ్మ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చునేది. కుడికాలు ముడుచుకోదు కాబట్టి దాన్ని నడవలోకి చాపేది. వచ్చిన ప్రతి అతిథీ ఆ కాలిని దాటుకుని రావాల్సిందే. పూలదండ వేయించుకుని, ఫోటోగ్రాఫర్ వెంటరాగా ఠీవిగా వస్తున్న పెద్దమనిషి ఆ కాలి దగ్గర ఆగి, ఎటు పోవాలో తెలియక తటపటాయించేవాడు. "దాటుకోని పో అప్పా. ఈ వయసులో నేనింక ఎదిగేది లేదులే" అనేది ఆమె, కాలు తీయకుండా.

ఉపన్యాసాలను ఆమె శనగలతో కొలిచేది. పిడికెడు నోట్లో వేసుకుని వినడం మొదలుపెట్టేది. పక్కవాళ్ళకూ పంచేది. "ఈయన పిడికెడు మనిషే, మంచోడు" అంటే త్వరగా ముగించాడని. ఒకసారి ఒకాయన ఎంతకూ దిగకపోతే నన్ను సైగచేసి దగ్గరికి పిలిచి, "సారూ, నా శనగలన్నీ అయిపోయినాయి, ఆయనింకా వేదాల కాలంలోనే ఉండాడు. బిరబిరా ఈడికి తీసకరా" అని చెవిలో చెప్పింది. నవ్వాపుకోలేక నేను మైకు దగ్గర దగ్గాను. ఆయన అది ఆపమన్న సంకేతమనుకుని దిగిపోయాడు.

"నోటితో ఆడేటోళ్ళకు మోకాళ్ళు అరగవు" అన్నది ఆమె మాట. అందుకే ప్రతి ఉపన్యాసం చివర లేచి, "చెప్పింది చాలు, ఒక అడుగు ఆడి చూపీ" అనేది. పండితులకు చెమటలు పట్టేవి. కొందరు వయసు సాకు చెప్పేవారు, కొందరు పంచె. ఒకే ఒక్క ముసలాయన, కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, బల్ల పట్టుకుని రెండడుగులు వేశాడు. వంకరగానే వేశాడు. ఆ రోజు ఆమె కొంగు ముడి మొత్తం విప్పి ఆయన దోసిట్లో పోసింది.

ఆ మోకాలి సంగతి చెప్పాలి. నేను ఆమెను ఎరగకముందే జరిగింది. ఆళ్ళగడ్డలో ఏదో ఉత్సవానికి ఆట ఒప్పుకుంది. బస్సు ఆలస్యమైంది. బస్టాండులో అది ఇంకా ఆగకముందే దిగబోయి మోకాలి మీద పడింది. పడినది లేచి, గుడ్డ చుట్టుకుని, ఆ సాయంత్రం ఆట ఆడేసింది. అక్కడితో ఆ కాలు చెడింది. డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అంటే, "పోతే ఆట మానుకోమంటాడు. ఆ మాట చెప్పేకి ఇంట్లో మా అత్త చాలదా" అనేది. అప్పటినుంచి కుడికాలు పూర్తిగా మోపేది కాదు. మునివేళ్ళ మీద తాకించి, పక్కకు ఈడ్చి, బరువును ఎడమకాలి మీదికి మార్చుకునేది. నొప్పిని ఎవరికీ కనపడనివ్వకుండా తాళంలో దాచుకోవడం నేర్చుకుంది. చూసేవాళ్ళకు అదొక సొగసులా ఉండేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పిల్లలు కంటితో నేర్చుకుంటారు. ఆమె అద్దె మేడ మీద సాయంత్రం బడికి వచ్చే పిల్లలంతా, బంగారంలాంటి కాళ్ళున్న పిల్లలు, కుడికాలు ఈడ్చడం మొదలుపెట్టారు. "మా పాపకి కాలికేమైంది టీచరమ్మా" అని తల్లులు వచ్చి అడిగేవాళ్ళు. పోటీలకు వెళ్తే, పేరు చెప్పకముందే "ఈ పిల్ల నంద్యాల డాన్సమ్మ దగ్గర నేర్చుకుంది" అని కనిపెట్టేసేవారు. ఈ సంగతి తెలియనిది ఆమె ఒక్కతే. ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూపించినప్పుడు తెలిసింది. వరసగా పిల్లలు, వరసగా అదే కుంటడం. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ పూట మాత్రం అన్నం ముట్టలేదని వాళ్ళ అత్త నాతో చెప్పింది.

"సరిగ్గా మోపండే అని నోటితో చెప్తే వినరు సారూ. సరైనది చూపీల. చూపిచ్చేకి నాకు కాలేది?" అంది నాతో.

అది ఇంటి గొడవగా, నవ్వుకునే సంగతిగా ఉండిపోయుంటే బాగుండేది. కొన్నేళ్ళ కిందట ఉత్సవ సంఘంవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. పక్కనే అహోబిలం, పక్కనే నల్లమల. చెంచులక్ష్మి వేషం కట్టే పట్నపు పిల్లలు ఏటా వస్తూనే ఉన్నారు, అసలు చెంచులనే తెచ్చి ఆడిస్తే ఎలా ఉంటుందని. మంచి ఆలోచనే. అహోబిలం దారిలో ఒక గూడెం ఉంది. అక్కడి ఆడవాళ్ళను ఆళ్ళగడ్డకు పిలిపించి, ఒక బడి ఆవరణలో ఆడించి చూశారు. నేనూ ఉన్నాను. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు కలిసి ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఒక ముసలావిడ సన్నగా పాట అందుకుంది. మెల్లగా, కదులుతున్నారా లేదా అన్నట్టు, ఒక్కొక్క అడుగు పక్కకు జరిగారు. తలలు వంచుకునే ఉన్నారు. ఎంతసేపు చూసినా అంతే. సంఘంవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. వెనక వరసకు ఏమీ కనపడదన్నారు. డాన్సమ్మను పిలిచి "కొంచెం సర్దమ్మా" అన్నారు.

ఆమె సర్దింది. చేతిలో పనిని కాదనే మనిషి కాదు. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టి, వయసు పిల్లలను ఏరుకుని, విల్లు లాగడం, తేనెపట్టు కోసం చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్టుపైకి చూడటం, గిర్రున తిరగడం, ఇవన్నీ కూర్చింది. తానే ముందు నిలబడి ఆడి చూపించింది. గూడెం పిల్లలు చురుకైనవాళ్ళు. చూసింది చూసినట్టు పట్టేశారు. కుడికాలి ఈడ్పుతో సహా.

నంద్యాల వేదిక మీద ఆ ఆటకు జనం లేచి నిలబడ్డారు. ఆ తర్వాత గూడెం పిల్లలకు తీరిక లేదు. జెండా పండుగకు పిలుపు, మంత్రులు వస్తే పిలుపు, కర్నూలు, విజయవాడ. అంతకుముందు బస్సులో ఆ పిల్లలు పక్కన నిలబడితే జరిగి కూర్చోనివాళ్ళు, ఇప్పుడు వాళ్ళతో ఫోటోలు దిగుతున్నారు. వాళ్ళలో ముందు నిలబడి ఆడే గురవమ్మ అనే అమ్మాయి, సంతలో బేరమాడటానికి కూడా తల ఎత్తని పిల్ల, మైకు పట్టుకుని "మేము అడవి బిడ్డలం, ఇది మా తాతముత్తాతల ఆట" అని తడబడకుండా చెప్పడం నేర్చుకుంది. డాన్సమ్మ అది విని మురిసిపోయేది. "ఆ పిల్ల నడక జూడు సారూ, మారిపోయింది. నేలను తొక్కి నడుస్తాంది" అని చూపించేది.

తర్వాత ఒక ఏడాది గోష్ఠికి బయటి నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. మర్యాదస్తుడు, బాగా చదివినవాడు. తెర మీద గూడెం పిల్లల ఆట వేసి, ఆపి ఆపి చూపించాడు. కుడిపాదం చుట్టూ ఎర్రటి సున్నా గీశాడు. ఇది వేటగాడి అడుగు అన్నాడు. ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా మృగం వెంట పోయే మనిషి, పాదం మోపకుండా ఇలాగే ఈడుస్తాడన్నాడు. శాస్త్రీయ నృత్యాల్లో ఎక్కడా లేని ఈ అడుగు అడవి దాచుకున్న జ్ఞాపకమని, వేల ఏళ్ళ నాటి మానవుడు ఈ పాదంలో బతికే ఉన్నాడని చెప్పాడు. హాలంతా నిశ్శబ్దంగా విన్నది. ఆ వెనక వరసల్లో గురవమ్మ, మిగతా పిల్లలు సాయంత్రం ఆటకు వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్ళూ విన్నారు.

నేను డాన్సమ్మ వంక చూశాను. నోట్లో శనగలున్నాయి, నమలడం ఆపేసింది. కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడింది. ఆడి చూపీ అంటుందనుకున్నాను.

"అది నా మోకాలి నొప్పప్పా" అంది.

హాలు ఘొల్లుమని నవ్వింది.

"నవ్వద్దండి. నిజం చెప్తాండా. నేను ఆళ్ళగడ్డలో బస్సులోంచి పడినా. వాళ్ళకి నేర్పిచ్చింది నేను. నన్ను జూసి ఈడుస్తాండారు. అది యాటా కాదు, ఏమీ కాదు. కుంటి అడుగది. నాది."

నవ్వు ఇంకా ఎక్కువైంది, తర్వాత చప్పట్లుగా మారింది. అధ్యక్షుడు మైకు తీసుకుని, ఇంత సేవ చేసి కూడా ఇంత వినయం ఈ కాలంలో ఎవరికుంటుందని గద్గదమైపోయాడు. పరిశోధకుడు రెండు చేతులూ జోడించాడు. అడవి అడుగును నేర్పుతూ నేర్పుతూ ఆ అడుగు అమ్మ దేహంలోకే ప్రవేశించిందని, దానికి ఆమె పెట్టుకున్న ముద్దుపేరే మోకాలి నొప్పి అని అన్నాడు. ఎవరో శాలువా తెచ్చి కప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు లాక్కుని ఆమె చెప్పింది నిజమేనని నేనూ అన్నాను. నా మాటకు ఇంకో విడత చప్పట్లు పడ్డాయి. మా గోష్ఠికి ఒక జబ్బు ఉంది. పొగడ్త తప్ప ఏ మాటా దాని చెవిలో దిగదు.

కానీ ఆ మాట దిగినవాళ్ళు ఉన్నారు. గురవమ్మ వెనక వరస నుంచి లేచి వచ్చింది. అరవలేదు. డాన్సమ్మ కుర్చీ పక్కన వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

"ఏందమ్మా, అందరి ముందర అట్లంటివి? మేం కుంటోళ్ళమా?"

ఆ పిల్ల ముఖం ఆ కాస్త సేపట్లోనే సంతలో తలవంచుకుని నిలబడే పిల్ల ముఖమైపోయింది. అది డాన్సమ్మ చూసింది. శాలువా సర్దుకుని కూర్చుంది. ఆ పూట ఇక లేవలేదు.

మధ్యాహ్నం మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని ఆగింది. "సారూ, నేను తప్పు చేసినా అంటే నాకు శాలువా కప్పినారు. ఇంగ యాడికి పోయి చెప్పుకోవాల?" అంది. నవ్వుతూ అన్నదేమోనని చూశాను. నవ్వడం లేదు.

ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని గూడానికి బయలుదేరింది. ఆళ్ళగడ్డ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఆళ్ళగడ్డ బస్టాండులో బస్సు పూర్తిగా ఆగి, డ్రైవరు దిగి పోయాక గానీ ఆమె సీట్లోంచి లేవలేదు. గూడెంలో, ఆ రోజు బడి ఆవరణలో పాట అందుకున్న ముసలావిడ కోసం అడిగింది. అవ్వ గుడిసె ముందు కుంకుడుకాయలు ఆరబోసుకుంటోంది. మమ్మల్ని చూసి, "ఎగిరే అమ్మ వచ్చినాదే" అంది. కోపంగా కాదు, ఆనవాలు పట్టినట్టు అంది.

"అవ్వా, మీ ఆట నాకు నేర్పీ" అని డాన్సమ్మ నేల మీద కూలబడింది.

"నీకు రాదా ఏంది? మా పిల్లోళ్ళకి నువ్వే నేర్పితివి గదా."

"అది మీది కాదవ్వా. మీది కావాల."

అవ్వ ఆమె చాపుకున్న కాలికేసి చూసింది. "కాలు బాగలేదే నీకి. పర్వాలేదులే, మా ఆటకి కాలు లేపే పన్లేదు."

"ఎందుకు లేపరు?"

అవ్వకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "అహోబిలం నరసింహసామి మాకి ఏమైతాడు? మా పిల్లని చేసుకున్నోడు. అల్లుడు. పార్వేట పండగకి ఊరూరూ తిరిగి తన పెండ్లికి పిలుచుకునేది ఆయనే గదా. అల్లుని ముందర అత్తగార్లు ఎగుర్తారా? కొంగు కప్పుకోని, తల ఒంచుకోని, ఇంతింత అడుగు ఏస్తారు. పిల్లనిచ్చినోళ్ళం మేము. మీరు స్టేజీ మీద పెండ్లికూతురు ఆట ఆడతాండారు. మాది పెండ్లికూతురు తల్లి ఆట."

ఎన్నేళ్ళుగా ఆ కల్యాణమండపం మీద చెంచులక్ష్మి గురించి గోష్ఠులు పెట్టాం. ఆమె విల్లు గురించి, ఒయ్యారం గురించి, సవతితో వాదం గురించి పత్రాలు చదివాం. ఆ పిల్లకు ఒక తల్లి ఉంటుందని, పెళ్ళిలో ఆ తల్లి ఎక్కడ నిలబడుతుందని ఒక్కరికీ తట్టలేదు. వెనక వరసకు కనపడదన్న ఆ ఆటలో ఉన్నది చేతకానితనం కాదు, మర్యాద. డాన్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే. అవ్వ కంగారుపడి లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాత ఆమె తీరిక దొరికినప్పుడల్లా గూడానికి పోయేది. అప్పుడప్పుడు నేనూ వెళ్ళాను. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి నడుం చుట్టూ ఒకరు చెయ్యేసుకుని, గుడిసె ముందు ఆ కాస్త జాగాలో పక్కకు జరిగేవాళ్ళు. మొదట్లో డాన్సమ్మ చేతులు ఊరుకునేవి కావు, ఏదో ముద్ర పట్టబోయేవి. అవ్వ ఆ చేతిని చరిచి మళ్ళీ తన నడుం మీద పెట్టుకునేది. "ఊరికే ఉండు. అల్లుడు జూస్తాండాడు" అనేది. నవ్వుకునేవాళ్ళు. తిరుగు బస్సులో డాన్సమ్మ ఒకసారి నాతో అంది, "పుట్టినకాడ్నుంచి ఆడతాండా గానీ సారూ, నొప్పి లేకుండా ఆడింది ఇదే."

వానాకాలంలో అవ్వ పోయింది. వయసు, జ్వరం. డాన్సమ్మ ఫోన్ చేసి, "నడుం పట్టుకునే చెయ్యి పోయింది సారూ. ఒక్కదాన్నే ఆడేది కాదు అది" అంది. గూడెంలో ఆ ఆట తెలిసిన పెద్దవాళ్ళు అప్పటికే ఒకరొకరుగా వెళ్ళిపోయారు. ఉన్న ఒకరిద్దరు మంచాలు దిగరు. అవ్వ నేర్పింది ఆమె ఒంట్లో మాత్రమే ఉంది. నీ బడి పిల్లలకు నేర్పించు, నిలుస్తుంది కదా అన్నాను. గట్టిగా కసిరింది. "ఒగసారి వాళ్ళకి నాది అంటగట్టినా. ఇప్పుడు వాళ్ళది తెచ్చి నంద్యాల పిల్లోళ్ళకి పంచాల్నా? అది వాళ్ళకే పోవాల. గురవమ్మ చేతిలో పెట్టాల. అంతే."

అందుకని గూడానికి బయలుదేరిన రోజూ నన్ను రమ్మంది. వాళ్ళు కోప్పడితే ఆపడానికి గోష్ఠి నడిపేవాడు ఉండాలని ఎగతాళి చేసింది గానీ, భయపడుతున్నదని ఆమె అడుగులోనే తెలిసింది. పాదాలు చూడటం నాకూ అలవాటైపోయింది. మేం వెళ్ళేసరికి పిల్లలు గూడెం మధ్య ఖాళీ జాగాలో సాధన చేస్తున్నారు. ఏదో పెద్ద సభకు పిలుపొచ్చింది, కొత్త చీరలు కూడా వచ్చాయి. గురవమ్మ మర్యాదగానే కుర్చీ వేసింది. డాన్సమ్మ కూర్చోలేదు. గురవమ్మ పక్కన నిలబడి, ఆమె నడుం చుట్టూ చెయ్యేసి, అవ్వ పాట సన్నగా అందుకుని, తల వంచి, పక్కకు ఒక్క అడుగు జరిగింది. ఆమె గొంతులో అచ్చంగా అవ్వ ఉంది. పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒక గుడిసెలోంచి ఒక ముసలాయన బయటికి వచ్చి నిలబడి చూశాడు, మళ్ళీ లోపలికి పోయాడు.

గురవమ్మ నాలుగడుగులు వేసి ఆగింది. డాన్సమ్మ చేతిని మెల్లగా తన నడుం మీద నుంచి తీసింది.

"ఇది అవ్వ ఆట టీచరమ్మా. ముసలోళ్ళది. మాది ఇది కాదు."

"మీదే అమ్మా. ఇదే మీది. ఆ ఈడ్చేది నేను..."

"మా ఆటని మళ్ళా ఎందుకు మారుస్తాండావ్?" అంది గురవమ్మ. "నేను నలుగురి ముందర నిలబడినప్పట్నుంచి ఆడింది అదే. నా బిడ్డ కూడా అదే ఆడతాంది. మేం కాలు ఈడిస్తే అంత పెద్దోళ్ళు లేసి నిలబడతారు. మీ తాతలనాటిది ఎంత బాగుండాది అంటారు. ఇది ఆడితే మమ్మల్ని ఎవురు పిలుస్తారు? నువ్వే జెప్పు."

ఏం చెబుతుంది? అవ్వ లేదు, సాక్ష్యానికి వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎదురుగా ఉన్న పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు. డాన్సమ్మ వెనక్కి నడిచి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఆమెను అక్కడినుంచి తీసుకుని వెళ్ళిపోవాలనిపించింది.

పిల్లలు తమ ఆట మొదలుపెట్టారు. విల్లు లాగారు, చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్టుపైకి చూశారు, కుడికాలు ఈడ్చారు. డాన్సమ్మ చూపు పాదాల మీదికి పోయింది. ఎంత వద్దనుకున్నా పోతుంది, అది ఆమె చేతిలో లేదు. వరసలో కొత్తగా చేరిన ఒక పిల్ల మడమ నేలకు ఆనించి ఈడుస్తోంది. ఒకసారి చూసింది, ఊరుకుంది. మళ్ళీ అదే జరిగింది. "ఆపండే" అంది.

లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. మంచి కాలి మీద బరువు పెట్టి, కష్టం మీద వంగి, ఆ పిల్ల మడమను చేత్తో పట్టుకుని నేల నుంచి పైకెత్తింది. "మడమ ఆనిచ్చొద్దు. వేళ్ళు తాకీ, ఈడ్సు. బరువు ఎడమకాలి మీదికి పోవాల. ఆఁ, అట్ల."

"ఎందుకు టీచరమ్మా? మడమ ఆనితే ఏమి?" అని అడిగింది ఆ పిల్ల.

డాన్సమ్మ వంగే ఉంది. చెయ్యి ఆ మడమ కిందే ఉంది. గురవమ్మ ఆమెకేసి చూస్తోంది.

"మీ అవ్వలు అట్లే ఆడేటోళ్ళమ్మా" అంది డాన్సమ్మ.

ఆ పిల్ల బుద్ధిగా తల ఊపి, మడమ ఎత్తుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.